దుమ్ము లేని పెట్టె

పెద్ద ఆఫీసు గేటు కనబడితే నాకు భయం. ఇప్పటికీ అంతే. వాచ్‌మన్ నా వైపు చూడకముందే జేబులు తడుముకొని ఏదో ఒక కాగితం తీసి చేతిలో పట్టుకుంటాను, అది కరెంటు బిల్లయినా సరే. ఇట్లాంటి మనిషికి గేట్లు లేని ఉద్యోగం దొరకాలి. నాకు దొరికింది మాత్రం పొద్దున లేస్తే గేట్లు దాటే పని. కాలేజీలు, బ్యాంకులు, ఆసుపత్రులు, రేణిగుంట వైపు ఫ్యాక్టరీలు వాడి పక్కన పడేసిన కంప్యూటర్లను అడిగి, బతిమాలి, తెచ్చుకునే పని.

మాది చిత్తూరు. మా నాయనకు పాత ఇనుము అంగడి ఉండేది. ఆయన పోయాక మా అక్క మొగుడు, అంటే మా బావ, దాన్ని చూసుకునేవాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మద్రాసులో ఎవరో బావతో చెప్పారట, పాత కంప్యూటర్ల బోర్డుల్లో రాగి ఉంటుందని, వెతికితే బంగారం కూడా ఉంటుందని. బావ అక్కడినుంచి వచ్చీ రాగానే రేణిగుంట రోడ్డులో ఒక రేకుల షెడ్డు బాడుగకు తీసుకున్నాడు. భయమంటే ఏమిటో తెలియని మనిషి ఆయన. నేను డిగ్రీ చదివాను, ఇంగ్లీషులో అర్జీ రాయగలను కాబట్టి ఆఫీసులకు తిరిగే పని నాకు పడింది. షెడ్డు, లారీ, పనిమనుషులు బావ చూసుకునేవాడు.

పెద్ద సంస్థల్లో కంప్యూటరు చచ్చిపోతే వెంటనే పారేయరు. ముందు గది మూలకు తోస్తారు. మూల నిండితే వరండాలోకి, వరండా నిండితే మెట్ల కిందికి. అక్కడ ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. కమిటీ ఒకటి కూర్చొని ఇది పనికిరాదని సంతకాలు పెట్టేదాకా దానికి మోక్షం లేదు. ఆఫీసుల్లో దాన్ని కండెమ్ చేయడం అంటారు. కండెమ్ అయ్యాక టెండరు, టెండరు అయ్యాక గేట్ పాసు. ఈ రెండింటికీ మధ్య నేను స్టోర్ కీపర్ల గదుల బయట బెంచీల మీద కూర్చునేవాణ్ణి. ఎందుకొచ్చావని ఎవరైనా అడుగుతారేమో అని ఒక భయం, ఎవరూ అడగరేమో అని ఇంకో భయం.

ఎక్కడి కంప్యూటరుకు అక్కడి వాసన. బ్యాంకు పెట్టె విప్పితే చెమ్మ పట్టిన కాగితాల వాసన వచ్చేది. స్కూలు కీబోర్డును తిరగేసి తడితే బిస్కెట్ పొడి, పెన్సిలు పొట్టు రాలేవి. ఒకసారి ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన సీపీయూలో ఎలుక పిల్లలు పెట్టి ఉంది. అన్నిట్లోనూ ఉండేది మాత్రం దుమ్ము. ఫ్యాను రెక్కల మీద, బోర్డుల సందుల్లో దూదిలాగా పేరుకొని ఉండేది. షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళందరూ ముక్కుకు గుడ్డ కట్టుకునేది అందుకే.

మొదటి ఏడాదే ఒకసారి షెడ్డుకు పోలీసులు వచ్చారు. ఏదో స్కూల్లో కంప్యూటర్లు దొంగతనం అయ్యాయట. మా దగ్గర ప్రతి పెట్టెకూ కాగితం ఉంది. అయినా వాళ్ళు షెడ్డంతా తిరుగుతున్నంతసేపూ నేను గోడకు ఆనుకొనే నిలబడ్డాను, గోడ లేకపోతే పడిపోయేవాణ్ణి. పోతూ పోతూ వాళ్ళలో పెద్దాయన వెనక్కి తిరిగి, "కాగితం లేని పెట్టె ఒగటి కనబడినా బావాబామ్మర్దుల్ని ఇద్దర్నీ లోపలేస్తా" అన్నాడు. బావ నవ్వి ఆయనకు టీ తెప్పించాడు. నాకు మాత్రం ఆ మాట ఎముకల్లోకి దిగిపోయింది. ఆ రోజునుంచి లారీ ఎక్కే ప్రతి పెట్టెనూ కళ్ళతో తాకి చూసుకునేవాణ్ణి.

ఆ తరువాతి ఏడు దసరా ముందు మాకు ఒక పెద్దాసుపత్రి సరుకు దొరికింది. ఏ ఆసుపత్రో చెప్పను. కండెమ్ అయిన కంప్యూటర్లన్నీ కేన్సరు విభాగం వరండాలో, మెట్ల కింద పేర్చి ఉన్నాయి. వాటికి ఎదురుగా ఒక పొడుగాటి బెంచీ. బెంచీకి ఎదురుగా మందపాటి తలుపు, తలుపు పైన ఎర్ర దీపం. దీపం వెలిగిందంటే లోపల ఎవరికో కరెంటు పెడుతున్నారని అర్థం. రేడియేషన్ అనే మాట అక్కడ డాక్టర్ల నోట తప్ప వినబడదు. జనానికి అది కరెంటు పెట్టించుకోవడమే.

సరుకు చూసుకోవడానికి కొన్నాళ్ళు ఆ వరండాకు తిరిగాను. ఆ బెంచీ మీద కార్వేటినగరం నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక పెద్దమ్మ పరిచయమైంది. ఆమెకు గొంతులో కేన్సరు. మెడ మీద వంకాయ రంగు సిరాతో గీతలు గీసి ఉండేవి. కరెంటు ఎక్కడ తగలాలో చూపించే గీతలట అవి, స్నానం చేసినా చెరగనీయకూడదట. కొంగు జారి గీతలు కనబడితే ఎవరైనా ఏమనుకుంటారో అని తడుముకొని కప్పుకునేది. మొదటి రోజు నన్ను చూసి, "నీకు యాడ నాయనా?" అని గుసగుసగా అడిగింది. రోగం ఎక్కడని ఆమె అడుగుతోందని నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"నాకేం లేదమ్మా. ఈ పాత కంప్యూటర్లు కొనుక్కోడానికి వచ్చినాను."

"పాతవాటిని కొంటారా? ఏం చేసుకుంటారు?"

"పగలగొట్టి అమ్ముకుంటాం."

ఆమె మెట్ల కింది గుట్టను చూసి నవ్వింది. గొంతు పోయిన మనిషి నవ్వు, శబ్దం లేదు, భుజాలు మాత్రం కదిలాయి. వాళ్ళ ఊళ్ళో ఆమె పూలమ్ముకునేదట. ఆమె కేక వేస్తే ఆ వీధిలో ఉన్నవాళ్ళే కాదు, వెనక వీధి వాళ్ళు కూడా వాకిలి తీసేవాళ్ళట. "ఈ కరెంటు పూర్తిగా పెడితే గొంతు మళ్ళా వస్తాదని చెప్పినారు. మధ్యలో నిలిపితే మాత్రం అంతా వట్టిదే, మళ్ళా మొదటికి వస్తాది అనింది డాక్టరమ్మ. వానొచ్చినా, బస్సులు నిలిపినా రావాల్సిందే. ఇంగ వారమే ఉండాది. దసరాకు రెండు దినాలు సెలవంట, దానికే నాకు గుండె దడదడ అంటాంది నాయనా."

నేను ధైర్యం చెప్పాను. ధైర్యం చెప్పడానికి మనకు ధైర్యం ఉండాల్సిన పనిలేదు.

సరుకు ఎత్తింది మహానవమికి ముందురోజు. నవమి సెలవు కాబట్టి ఆఫీసులన్నీ ఆయుధపూజను ముందురోజే చేసేసుకుంటాయి. ఆ రోజు ఆసుపత్రిలో కరెంటు పెట్టడం పెందలాడే ముగించారు. అటెండర్లు గదులు కడుగుతున్నారు. బకెట్లతో నీళ్ళు కొడుతున్నారు, చీపుర్లతో తోస్తున్నారు, తడవకూడని వస్తువులన్నీ వరండాలోకి తెచ్చి పెడుతున్నారు. కుర్చీలు, టేబుల్ ఫ్యానులు, బీరువాలోని డబ్బాలు, అన్నీ మా సరుకు పక్కకే చేరాయి. ఒక పక్క మామిడాకులు, ఇంకో పక్క బొరుగుల మూట. స్టోర్ కీపరు గారు తొందరపెడుతున్నారు, ఆయన గదిలో కూడా పూజ ఉంది మరి. మా కూలీలు పెట్టెలు మోస్తుంటే ఆయన పెన్ను పట్టుకొని లెక్కపెట్టుకున్నారు. చివరి పెట్టె ఎక్కాక లెక్క సరిపోయింది. లెక్క సరిపోవడమే మా కొంప ముంచింది.

ఆ మధ్యాహ్నమే షెడ్డులో పెట్టెలు విప్పడం మొదలుపెట్టారు. పండగ ముందు పని తేల్చేయాలని బావ ఆత్రం. మూతలు తీయడం, లోపలి చిన్న బోర్డులు లాగి గోనెసంచిలో వేయడం, ఇవి ముందు పనులు. హార్డ్ డిస్కుల్ని సుత్తితో పగలగొట్టడం చివరి పని. సాయంత్రానికి ఆ పని మిగిలిపోయింది, ఎందుకంటే మర్నాటి పూజకని సుత్తులు, స్క్రూడ్రైవర్లు అన్నీ కడిగి చెక్క పలక మీద పెట్టేశారు. ఇక విజయదశమి దాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు.

నవమి పొద్దున షెడ్డులో మా పూజ. బావ పట్టు పంచె కట్టుకొని, సుత్తులకు, తక్కెడకు, లారీకి దండం పెట్టి, గుమ్మడికాయ కొట్టాడు. షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళు బొరుగులు, బెల్లం పంచుతున్నారు. నేను కుంకుమ పళ్ళెం పట్టుకొని కనబడినదానికల్లా బొట్టు పెట్టుకుంటూ పోతున్నాను. తక్కెడకు పెట్టడానికి వంగుతూ, పడిపోకుండా ఎడమ చేయి పక్కనున్న విప్పిన పెట్టె మీద ఆనించాను.

చేయి తీసి చూసుకుంటే శుభ్రంగా ఉంది.

ఆ షెడ్డులో ఏ పెట్టె మీద చేయి పెట్టినా అరచేయి నల్లబడుతుంది. ఇంకోసారి తుడిచి చూశాను. దుమ్ము లేదు. లోపలికి తొంగిచూశాను. ఫ్యాను రెక్కలు నిన్న కొన్నట్టు ఉన్నాయి. పెట్టె మాత్రం పాతదే, పసుపుపచ్చగా మాగిపోయి ఉంది. పక్కకు తిప్పాను. ఆసుపత్రిలో పుండ్లకు వేసే తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి ఉంది. దాని మీద పెన్నుతో రాసి ఉంది: కరెంటు రూము. ఆపవద్దు.

పళ్ళెం చేతిలోంచి జారింది. కుంకుమంతా ఆ పెట్టె మీదే పడింది.

ఏం జరిగిందో ఎవరూ చెప్పక్కరలేదు. గది కడగడానికని ఆ యంత్రాన్ని నడిపే కంప్యూటరును అటెండర్లు వరండాలో పెట్టారు. మావాళ్ళు దాన్ని మోసుకొచ్చారు. లెక్క సరిపోయిందంటే, కండెమ్ పెట్టె ఒకటి అక్కడే ఉండిపోయిందన్నమాట. ముందు పోలీసు పెద్దాయన మాట చెవుల్లో మోగింది. కాగితం లేని పెట్టె ఒక్కటి కనబడినా. తరువాత వంకాయ రంగు గీతలు కళ్ళ ముందుకు వచ్చాయి. అప్పుడు పోలీసుల భయం చాలా చిన్నదైపోయింది, అంతకంటే పెద్ద భయం వచ్చి దాని మీద కూర్చుంది.

"బావా, ఇది మనది కాదు" అన్నాను.

బావ ప్లాస్టరు చదివాడు. ఆయన మొహంలో రంగు మారడం నేను అదే మొదటిసారి చూడటం.

"పనోళ్ళ ముందర అరవబాక" అన్నాడు. నన్ను రెక్క పట్టుకొని షెడ్డు వెనక్కి తీసుకుపోయాడు. "విను బామ్మర్దీ. ఇప్పుడు నువ్వు దీన్ని ఎత్తుకొని పోతే ఏమంటారు? అయ్యో పాపం, పొరబాటున తీసకపోయినారు అంటారా? దొంగలంటారు. ఆసుపత్రి కంప్యూటరు ఎత్తకపోయి పగలగొట్టినారంటారు. ఇంగ ఈ జిల్లాలో ఒక్క గేటు మనకు తెరవదు. సెలవులు గడిచిపోనీ. వాళ్ళకే తెలుస్తాది, వాళ్ళే వస్తారు, అప్పుడు ఇద్దాం."

"సెలవు అయిపోయిన పొద్దున్నే ఆ పెద్దమ్మ వస్తాది బావా."

"ఏ పెద్దమ్మ?"

చెప్పాను. మధ్యలో నిలిపితే అంతా వట్టిదే అన్న మాట కూడా చెప్పాను. అటువంటివాళ్ళు ఆ బెంచీ నిండా కూర్చుంటారని చెప్పాను. బావ, "నేను రాను" అన్నాడు. పొమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు.

పెట్టెలో పెద్ద బోర్డు, హార్డ్ డిస్కు ఉన్నాయి. సుత్తులు పూజలో ఉండబట్టి డిస్కు బతికింది. కానీ చిన్న బోర్డులు బిగించే చోట్లు ఖాళీగా ఉన్నాయి. అవి నిన్ననే గోనెసంచిలో పడిపోయాయి, వందల బోర్డుల మధ్య. సంచిని నేల మీద కుమ్మరించాను. దుమ్ము పట్టిన బోర్డులన్నిటినీ పక్కకు నెడుతూ దుమ్ము లేనిదానికోసం వెతికాను. కొత్త చీర కట్టుకున్న పనామె ఒకామె చెప్పకుండానే పక్కన కూర్చొని తనూ వెతికింది. రెండు దొరికాయి. ఇంకోటి కూడా ఉందేమో, విరిగిపోయిందేమో, ఎవరికి తెలుసు? రెండింటినీ గుడ్డలో చుట్టాను.

మూత బిగించాలంటే స్క్రూడ్రైవరు కావాలి. పలక వైపు చేయి చాపబోతే బావ దూరం నుంచే, "పూజలో పెట్టింది ముట్టుకోబాక!" అని కేక వేశాడు. పోలీసులకు టీ తెప్పించిన మనిషి. నాకూ ముట్టుకోవడానికి ధైర్యం లేకపోయింది. పురికొసతో మూతను పెట్టెకు కట్టి, పాత దుప్పటి చుట్టి, ఆటో పిలిచాను.

కొండ మీద బ్రహ్మోత్సవాల రోజులవి. రోడ్ల నిండా గుండ్లు చేయించుకున్న యాత్రికులు, వాళ్ళ చుట్టూ పోలీసులు. ప్రతి కూడలిలో బండ్లు ఆపి సంచులు వెతుకుతున్నారు. పెట్టెను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. వెనక నుంచి తీగలు వేలాడుతున్నాయి, వాటిని దుప్పటి లోపలికి తోసేకొద్దీ ఇంకోవైపు బయటికి వస్తున్నాయి. దాన్ని నేనే బయట నిలబడి చూసి ఉంటే బాంబు అనుకునేవాణ్ణి.

ఆటో ఆపారు. కానిస్టేబుల్ లాఠీతో దుప్పటిని తట్టి, "ఏముండాది దాంట్లో?" అని అడిగాడు.

నోరు తెరిచాను. మాట రాలేదు. చెమట కణతల మీద నుంచి కారుతోంది. నా మొహం చూసి ఆయన మొహం కూడా మారిపోయింది. "దిగు. దించు దాన్ని కిందికి" అన్నాడు, ఒకడుగు వెనక్కి వేస్తూ.

దించలేదు. చేతులు పెట్టెను వదలడం లేదు. ఆటో అతను వెనక్కి వంగి దుప్పటిని కొంచెం లాగాడు. లోపల పసుపుపచ్చ పెట్టె, దాని మీద గుప్పెడు కుంకుమ. "కంప్యూటరు సార్. పూజ చేసినారు, ఆసుపత్రిలో ఇయ్యాలంట" అన్నాడు. నేను ఆటో ఎక్కేటప్పుడు చెప్పింది ఆ ఆసుపత్రి పేరు ఒక్కటే. మిగిలింది అతను కుంకుమను చూసి అల్లుకున్నదే. కానిస్టేబుల్ కుంకుమను చూశాడు, నన్ను చూశాడు. "ఇంత భయమేందప్పా నీకు?" అన్నాడు. పొమ్మని చేయి ఊపాడు.

ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టాడు. గుర్తుపట్టడమే మంచిది కాలేదు. "నిన్న ఎత్తకపోయినోడివి కదా, మళ్ళా తెస్తాండావేమి? లోపలికి పోయేదానికి పాసు యాడ?" బయటికి తీసుకుపోవడానికి కాగితం ఉంటుంది గానీ, లోపలికి తిరిగి తెచ్చేవాడికి కాగితం ఇచ్చే ఆఫీసు ప్రపంచంలో ఎక్కడా ఉండదు. అతని గూట్లోని ఫోన్లోంచి స్టోర్ కీపరు గారింటికి చేసి, తొందరగా రమ్మన్నాను. ఎందుకు రమ్మంటున్నానో మాత్రం ఫోన్లో చెప్పలేదు.

ఆయన పంచెతోనే స్కూటరు మీద వచ్చారు. నుదుటిన విభూతి ఇంకా ఆరలేదు. నేను దుప్పటి తీసి ప్లాస్టరు చూపించగానే తాళాల గుత్తి తీసుకొని వరండా వైపు పరుగెత్తారు. వెనకాలే నేను, పెట్టె ఎత్తుకొని.

ఎర్ర దీపం గది పక్కన చిన్న గది ఉంది, యంత్రాన్ని నడిపే చోటు. తలుపు తీశారు. టేబులు మీద ఒక సీపీయూ ఉంది. చామంతి దండ వేసి ఉంది, చందనం పూసి ఉంది, మధ్యలో ఇంత బొట్టు. గది కడిగాక అటెండరు బయట మిగిలిన పెట్టెను తెచ్చి దాని స్థానంలో పెట్టాడు. తుడిచి, దండ వేసి, పూజ కూడా చేశారు. ఎన్నో ఏళ్ళ కింద చచ్చిపోయిన పెట్టె అది. దాని వెనక పెట్టాల్సిన లావు తీగ ఎక్కడా పట్టక నేల మీద వేలాడుతోంది, ఇంజనీరు వచ్చి తగిలించుకుంటాడులే అనుకొని వదిలేశారేమో. సెలవు తరువాత పొద్దున ఆ బెంచీ మీద వాళ్ళందరూ వచ్చి కూర్చొని ఉంటే, లోపల ఇది దండ వేసుకొని ఉండేది.

స్టోర్ కీపరు గారు గోడకు ఆనుకొని, "నా ఉద్యోగం పోయింది" అన్నారు. మళ్ళీ నా వైపు తిరిగి, "దీన్ని విప్పినారా?" అన్నారు. గుడ్డలో చుట్టిన రెండు బోర్డులు చూపించాను. ఆయన వాటిని ముట్టుకోలేదు.

ఇంజనీరు మద్రాసులో ఉన్నాడు. ఫోన్ చేస్తే, ఏ తీగా ముట్టుకోవద్దని, సెలవు అయిన పొద్దున్నే వస్తానని చెప్పాడు. పని చేస్తుందా అని స్టోర్ కీపరు గారు అడిగితే, చూస్తే గానీ చెప్పలేను అన్నాడట. దండ వేసిన పెట్టెను దించి, కుంకుమ పడిన పెట్టెను పైన, బోర్డుల గుడ్డను దాని పక్కన పెట్టాం. తాళం వేస్తూ ఆయన నా మొహంలోకి చూడకుండా, "ఆ పొద్దున నువ్వు ఈడ ఉండాల. అది నడవకపోతే నేనొక్కణ్ణే పోను పోలీసుల దగ్గరికి" అన్నారు.

విజయదశమి ఎట్లా గడిచిందో నాకు జ్ఞాపకం లేదు. అక్క పెట్టిన అన్నం ముందు కూర్చోవడం, లేవడం గుర్తుంది. ఎవరైనా వాకిలి తడితే పెరట్లోకి నడిచేవాణ్ణి. ఇంకో బోర్డు షెడ్డులోనే ఉండిపోయిందేమో అని మళ్ళీ పోయి ఆ గుట్టను కెలికాను, ఏమీ దొరకలేదు. దొరకకపోవడం మంచిదో చెడ్డదో కూడా తెలియలేదు.

సెలవులు అయిపోయిన పొద్దున బావ నాతో వచ్చాడు. గేటు వరకు వచ్చి, "నేను ఈడ టీ అంగడి కాడ ఉంటా. ఏమన్నా అయితే పిలుచు" అన్నాడు. రానన్న మనిషి. ఆ క్షణం ఆయన మీద నాకు కలిగినంత ప్రేమ మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

నేను వెళ్ళేసరికే ఇంజనీరు లోపల ఉన్నాడు. చిన్న గది తలుపు వేసి ఉంది. స్టోర్ కీపరు గారు దాని ముందు అటూ ఇటూ తిరుగుతున్నారు. ఎర్ర దీపం ఆరిపోయి ఉంది. బెంచీ ఒక చివరన కూర్చొని దీపాన్నే చూస్తున్నాను. ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు. తలకు గుడ్డ చుట్టుకున్నవాళ్ళు, టిఫిన్ క్యారియర్లు పట్టుకున్నవాళ్ళు. ఎవరి మొహంలోకీ చూడలేకపోయాను. దీపం ఒకసారి వెలిగి, వెంటనే ఆరిపోయింది. లోపల ఇంజనీరు ఏదో అన్నాడు, వినబడలేదు. మళ్ళీ వెలగలేదు.

పక్కన ఎవరో కూర్చున్నారు. చూస్తే ఆ పెద్దమ్మ. మెడ చుట్టూ కొంగు కప్పుకొని ఉంది. మెట్ల కింద ఖాళీ అయిన చోటును చూసింది. నా చేతుల్ని చూసింది, అవి మోకాళ్ళ మీద ఉండనంటూ వణుకుతున్నాయి.

"నీకూ రాసినారా నాయనా?" అని అడిగింది.

కరెంటు పెట్టించుకొమ్మని నాకూ డాక్టర్లు రాసిచ్చారా అని ఆమె అడిగింది. కాదని చెప్పాలి. తల దించుకున్నాను. ఆమె నా చేయిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. పూలు కట్టి కట్టి బిరుసెక్కిన వేళ్ళు.

"భయపడబాక. మొదటి దినం నేనూ ఇట్లనే వణికినా" అంది, ఆ గుసగుస గొంతుతోనే, ఒక్కొక్క మాటను మోసుకొచ్చినట్టు. "నొప్పేమీ ఉండదు. పండుకోబెడతారు, అందరూ బయటికి పోతారు. అప్పుడే కొంచెం భయమేస్తాది, ఒంటిగా ఉంటాం కదా. కండ్లు మూసుకొని, నీకు వచ్చిన పని ఏదో తలుచుకో. నేను మల్లెపూలు కడతాండినట్టు తలుచుకుంటా. ఒక మూర కట్టేలోపల అయిపోతాది నాయనా."

తలుపు తెరుచుకుంది. ఇంజనీరు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి నర్సుతో, "ఉత్తదే ఒకసారి నడిపి చూసినా. బాగానే ఉండాది. పిలవండి" అన్నాడు. స్టోర్ కీపరు గారు అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. నేను నమ్మలేదు. ఆ దీపం వెలిగి, ఆరకుండా నిలబడేదాకా నమ్మను.

నర్సు మొదట పిలిచింది పెద్దమ్మనే. ఆమె నా చేయి వదిలి లేచి, మెడ మీది కొంగు తీసేసింది. గీతలు చెరగలేదు. తలుపు దాకా పోయి వెనక్కి తిరిగి, చూశావా, నేను పోతున్నాను కదా అన్నట్టు తల ఊపింది.

మందపాటి తలుపు మూసుకుంది. దీపం వెలిగింది. లోపల ఆమె ఒంటరిగా పడుకొని మల్లెపూలు కడుతూ ఉంటుంది. నేను బయట, ఆమె చెప్పినట్టే, కళ్ళు మూసుకున్నాను.